మయెన్ నదిగట్టున ఒక పిలుపు

శరత్కాలప్రభాతము. రాత్రియెల్ల నదీగర్భమునఁ బవ్వళించిన పొగమంచు తొలికిరణములు సోఁకఁగానే నిద్ర చెదరిన శిశువువలె మెల్లమెల్లగాఁ గదలి గట్టు నెక్కి పచ్చికబయళ్ళపైఁ బ్రాఁకుచుండెను. ఉభయతీరములందును బారులు దీఱి నిలిచిన పొప్లారు వృక్షముల పసుపువన్నె పత్రములు గాలి లేకయే రాలి యద్దమువంటి జలములపై వ్రాలి తమ నీడలను దామే చుంబించుచు మందగమనమున దక్షిణాభిముఖములై పోవుచుండెను. నల్లపలకరాతి కప్పుల యిండ్లును శిథిలములైన నీటిమరల గోడలును ఒంటికాలిపై నిలిచి తపస్సు సేయు బూడిదవన్నె కొంగలును ఆవలి యొడ్డున నెమరు వేయు తెల్లని యావులును ఆ మంచులో సగము మునిఁగి సగము తేలి నిజమో స్వప్నమో నిర్ణయింపరాని చందమునఁ గానవచ్చుచుండెను. ఫ్రాన్సుదేశపుఁ బడమటిభాగమునఁ బల్లెలనడుమ వంకలు దిరుగుచుఁ బాఱు మయెన్ నదిని జూడఁదలఁచువారు ఈ ఋతువునందే చూడవలెను.

ఆ నదివెంబడి నొక గట్టుబాట గలదు. పూర్వము సరకుపడవలకు మోకులు గట్టి గుఱ్ఱములచే లాగించుటకై నిర్మింపఁబడిన యా బాటపైఁ గాలక్రమమునఁ బడవలు తగ్గి గుఱ్ఱములు మాయమైన పిదప మోటారుబండ్లకుఁ బ్రవేశము నిషేధింపఁబడుటచే నేఁడు పాదచారులును సైకిళ్ళనెక్కి మెల్లగా దేశము చూచువారును దక్క నన్యులు సంచరింపరు. అచట హారనుమ్రోఁత లేదు. వెనుకనుండి తఱుముకొనివచ్చు లారీ లేదు. చక్రములక్రింద నలుఁగు సన్నకంకర సవ్వడియు నడుమనడుమ లాకులయొద్ద నీరు దుముకు చప్పుడును మాత్రమే వినవచ్చును. గోదావరి కాలువగట్లపై నడచి పెరిఁగినవారికి ఆ రెండవ చప్పుడు పుట్టినింటి పిలుపువలె దోఁచును.

అట్టి ప్రభాతమున నా బాటపై నిరువురు స్త్రీలు సైకిళ్ళనెక్కి దిగువకుఁ బోవుచుండిరి. చీరకుచ్చిళ్ళను నడుమున దోపి యున్నికోట్లు దొడిగి మేజోళ్ళు మోఁకాళ్ళదాఁక లాగికొనిన యా యిరువురిలో ముందు పోవునామె పేరంటాలు. వెనుక వచ్చునామె మాణిక్యాంబ. పేరంటాలు మాణిక్యాంబ భర్తకుఁ జెల్లెలు.

మాణిక్యాంబ భర్తయగు సోమలింగము యానాములోఁ బుట్టి బాల్యమెల్లఁ గాలువల లాకులయొద్ద నీఁతలాడి యౌవనమున ఫ్రెంచి సైన్యమునఁ జేరి కొలువు ముగిసినపిదప ఆ దేశముననే మయెన్ నదిపై నొక లాకునకుఁ గావలివాఁడై భార్యతోఁ గూడ నా లోయయందుఁ బెక్కేండ్లు గడపెను. బిడ్డలు గలుగలేదు. పడవ వచ్చినపుడు తలుపులు దెఱచుటయుఁ బోయినపుడు మూయుటయు నతని వృత్తి. ఉద్యోగవిరామానంతర మా సమీపమందే చిన్నయిల్లు గొని కాపురముండి గడచిన శరత్తున నతఁడు పరమపదించెను. అన్న మరణవార్త విని యానాములో నొంటరిగా నద్దెగదిలో నుండు పేరంటాలు, తానును భర్తను గోల్పోయి చిరకాలమైనది గాన నా దుఃఖ మెఱిఁగినదై, సంవత్సరీకము జరుగువఱకు వదినకుఁ దోడుగా నుండ నిశ్చయించి తిరుగుటిక్కెట్టు సైతము గొనియే వచ్చెను. తండ్రి ఫ్రెంచి పౌరుఁడగుటచే నామె కా దేశమున నెంతకాలమైన నుండు హక్కు గలదు. అయినను వచ్చినపని ముగిసెను. పెట్టెలు ముందే యొకరి బండిలో ఆంజే నగరపు రైలునిలయమునకుఁ బంపఁబడెను. అన్న కావలి గాచిన నదిని గడవఱకుఁ జూచి పోవలెనను కోరికతోఁ బేరంటాలు సైకిలుపైఁ బోవుదమనెను. మాణిక్యాంబ సరే యనెను. ఈ సంవత్సరమంతయు నామె యన్నిటికిని సరే యనుచునే యుండెను.

ఆమె మనస్సులో మాత్ర మొకేయొక మాట యుండెను. ఉండుమనుట. ఆ మాట నామె పలుకలేకపోయెను. ఏలయన బయలుదేఱినవారిని వెనుకనుండి పిలువరాదనియు నాపరాదనియు నామె చిన్ననాఁడే విని యుండెను. అందఱును వినినదే. వినినవారిలో ననేకులు మఱచుటయుఁ గలదు. ఆమె మఱవలేదు. గతసంవత్సర మొక యుదయమున సోమలింగము సైకిలెక్కి గట్టువెంబడి పోవుచుండఁగా మెడకుఁ జుట్టుకొను రుమాలు మఱచెనని చూచి యామె గుమ్మమునుండి కేకవేసెను. అతఁడు నవ్వుచు వెనుదిరిగి వచ్చి రుమాలు గొనిపోయెను. మధ్యాహ్నమునకు గుండె యాఁగి దిగువలాకు దగ్గఱఁ బచ్చికపై నొఱగి పడియుండఁగాఁ జేపలు పట్టువారు చూచిరి. వైద్యుఁడు హృద్రోగ మనెను. మాణిక్యాంబ తన కేకయే యనుకొనెను. ఆ తలంపు నామె యెవ్వరికిని జెప్పుకొనలేదు.

నాఁటినుండి యామె యెవ్వరిని వెనుకనుండి పిలిచి యెఱుఁగదు. ఆ భయము సైకిలుగంటకుఁ గూడ వ్యాపించెను. ఆ యుదయమున నొక వృద్ధదంపతులు కుక్క నొకదానిఁ గొని బాటనిండఁ బరచికొని నడచుచుండఁగా మాణిక్యాంబ తానే ముందుకు వచ్చియు గంట మ్రోగింపక వారి యడుగులలో నడుగు వేయుచు నూరక సాగుచుండెను. వెనుకనున్న పేరంటాలి కోరిమి నశించెను.

"ఆ గంట ఎందుకొదినా సైకిలుకి? బొట్టు పెట్టి హారతివ్వడానికా?"

"కేకేసినా ఒకటే, గంట కొట్టినా ఒకటే. ఎనకనించి పిలవకూడదే."

"అలాగని ఆ కుక్కతోక చూసుకుంటా ఆంజే దాకా ఎల్దామా? తోక్కి కూడా సిగ్గేస్తంది."

ఇట్లని పేరంటాలు తన గంటను గణగణ మ్రోగించెను. దంపతులు చిఱునవ్వుతో నొదిఁగి "బోన్ జూర్" అనిరి. కుక్క తోక నాడించెను. ఎవ్వరికిని నేమియుఁ గాలేదు. అయినను మాణిక్యాంబ కొంతదూర మరిగినపిదప మెల్లగా మెడ ద్రిప్పి యా వృద్ధుఁడు నిలిచియే యున్నాఁడా యని చూచుకొనెను.

మంచు విచ్చినకొలఁదిని లోయ యొక్కొక్క తెర దీసికొని లోపలి యందమును జూపుచుండెను. నది యొకచోట నద్దమై నిలిచి యొకచోట నానకట్టపైఁ దెల్లని తలగుడ్డవలె విప్పారి మఱల నద్దమగుచుండెను. పండ్లబరువున వంగిన యాపిలుచెట్ల కొమ్మలు బాటపైకి వ్రాలి వాసన వెదఁజల్లుచుండెను. త్రొక్కుచున్నామను స్పృహ యిరువురికిని దొలఁగిపోయి తాము నిశ్చలముగా నుండఁగాఁ దీరములే రెండుప్రక్కల వెనుకకుఁ బ్రవహించుచున్నవను భ్రాంతి గలుగుచుండెను. అట్టి స్వప్నావస్థయందు మాణిక్యాంబ, ఈ బాటకుఁ దుది యేదియు లేకున్న నెంత మేలని తలఁచెను. ముందుఁ బోవు పేరంటాలి వీఁపుపై నెండ వ్రాలుటయుఁ జెట్టునీడ దాని నెత్తుకొనిపోవుటయు మఱల నెండ వ్రాలుటయుఁ జూచుచు నామె వచ్చుచుండెను.

పేరంటాలి మనస్సు వేఱువిధమునఁ గలఁగుచుండెను. యానాములో నామెకై యెదురుచూచువారు లేరు. అద్దెగది తాళము, ప్రక్కింటివారి పలకరింపు, అంతియ. ఈ లోయలో నామె మఱల నవ్వ నేర్చెను. సైకిలు నేర్చెను. ఉండవలెనని యామెకును గలదు. కాని యన్న లేని యింట నోరు దెఱచి చోటడుగుట యామె కభిమానభంగము. ఇల్లు వదినది. పిలువవలసినది వదిన. వదిన సంవత్సరమంతయుఁ బిలువలేదు. కావున వదినకుఁ దన యవసరము దీఱినదని పేరంటాలు నిశ్చయించుకొనెను. ఇట్లు ఒకతె భయముచేతను నొకతె యభిమానముచేతను మౌనము వహించి యొకరినొకరు పోగొట్టుకొనుటకు సైకిళ్ళపై సరదాగాఁ బోవుచుండిరి.

మధ్యాహ్నసమయమున నొక లాకుదగ్గఱ దిగిరి. ఒకప్పటి కావలివాని యిల్లు అచట నిపుడు ఫలహారశాలయై యుండెను. దానిని నడుపు ఒదెత్ అను వృద్ధురాలు సోమలింగము నెఱిఁగినదగుటచే వారిని గౌఁగిలించి బల్లయొద్దఁ గూర్చుండఁబెట్టి రొట్టెయు జున్నును జల్లని సీసాయు నొకటి తెచ్చి పెట్టెను. పేరంటాలు గ్లాసెత్తి త్రాగి కనులు పెద్దవి చేసెను.

"ఏంటొదినా ఇది? నాలిక చురుక్కుమంటంది!"

"ఆపిల్ కల్లే అది."

"హవ్వ! కల్లా! ఫోన్ చేసినప్పుడల్లా, ఆపిల్ రసం తాగుతున్నానమ్మా, ఒంటికి మంచిదీ అని అన్నయ్య చెప్పేవోడు. ఇదా ఆ రసం?"

"ఇదే. రోజూ ఒంటికి మంచిది చేసుకునేవోరు మీ అన్నయ్య."

"ఇంకో గ్లాసు పొయ్యమను. మా అన్నయ్య ఏం తాగాడో నాకు తెలియొద్దా?"

మాణిక్యాంబ నవ్వెను. సంవత్సరమునకుఁ బిదప భర్త పేర నామె నవ్వుట యదియే ప్రథమము. పేరంటాలు గ్లాసు చేతఁ బట్టుకొని లాకుతలుపుల చీలికలనుండి చిమ్ము నీటిని జూచుటకై పోఁగా ఒదెత్ మాణిక్యాంబ ప్రక్కఁ గూర్చుండి ఫ్రెంచిభాషలో నడిగెను.

"ఆవిడ వెళ్ళిపోతే నీకెలా గడుస్తుంది?"

"గడవదు."

"మరి ఉండమని అడిగావా?"

మాణిక్యాంబ లేదని యడ్డముగాఁ దలయూఁచి తమవారి యాచారమును వివరించెను. బయలుదేఱినవారి నాపిన వారికే కీడు మూడుననెను. ఒదెత్ సాంతముగా విని బల్లమీఁది రొట్టెపొడిని జేతితోఁ ద్రోయుచు నిట్లనెను.

"అలాగే అనుకుందాం. కానీ ఆవిడ బయలుదేరింది ఇవాళ కదా. ఏడాదిగా నీ ఇంట్లోనే ఉందే."

తిరుగుటిక్కెట్టుతో వచ్చిన మనిషి వచ్చిననాఁడే బయలుదేఱినదని తాను భావించినట్లు ఫ్రెంచిభాషలోఁ జెప్పుట యెట్లో మాణిక్యాంబకుఁ దెలియలేదు. తెలుఁగునఁ జెప్పుకొనఁగా, తన కది యెన్నఁడు నింత వింతగా వినఁబడలేదు.

మఱల సైకిళ్ళు గదలెను. అపరాహ్ణపు టెండ తేనెవలెఁ జిక్కనై నీటిపైఁ దొరఁగుచుండెను. ఎడమప్రక్క నెక్కడనో యొక చర్చిగంట మ్రోఁగి యా నాదము నది వంపులవెంబడి నడచి నడచి యలసి మాయమయ్యెను. చివరి లాకు దాఁటఁగానే గట్టు సూటియై దూరమున నగరపు గోపురములు నీలిగీఁతలవలె నగపడెను. పేరంటాలు సైకిలు దిగి నిలిచెను. మాణిక్యాంబ సమీపించువఱకు నాఁగి యామెవంకఁ జూడక కోటు గుండీలు సరిచేసికొనుచుఁ బలికెను.

"వదినా, నే ముందు పోతాను. సామాను చూసుకోవాలి. నువ్విక్కణ్ణించే తిరిగెళ్ళు. స్టేషన్లో ఏడుపులు నా వల్ల కాదు."

"సరే."

"సరేనా?"

"ఊఁ."

పేరంటాలు ముహూర్తకాల మామె ముఖమును వెదకి చూచెను. పిదప "అయితే వెళ్తాను" అనెను. వెళ్ళివస్తాననలేదు. సైకిలెక్కి వెనుదిరిగి చూడకయే పోయెను.

మాణిక్యాంబ గట్టుపై నొంటరిగా నిలిచెను. పొప్లారుల బారునడుమ నాఁడుబిడ్డ రూపము చిన్నదియై మఱింత చిన్నదియై యెండలో నొకమాఱు మెఱసి నీడలో నొకమాఱు మునిఁగి పోవుచుండెను. సైన్యమునకై భర్త పోయిన యోడయుఁ, దండ్రి శవయాత్రకుఁ దా నందుకొనలేకపోయిన దినమును, రుమాలు చుట్టుకొని నవ్విన భర్త ముఖమును, ఒక్కపెట్టున నామె కన్నులయెదుటఁ దిరిగెను. అందఱును వీఁపులే చూపి పోయిరి. ఆమె పెదవులు విడివడెను. పేరు నాలుక చివరకు వచ్చెను. పేరు లోపలికే పోయెను. వెనుకనుండి పిలువరాదు. వెనుకనుండి పిలువరాదు. మూఁడవమాఱు తనలో ననుకొనఁబోయి యామె వెనుకనుండి యను మాటదగ్గఱ నాఁగెను.

ఆఁగి సైకిలెక్కెను.

ఏఁబదియేండ్లు దాఁటినపిదప సైకిలు నేర్చి యెన్నఁడును బాతులను మించిన వేగమునఁ బోని యా స్త్రీ యప్పుడు త్రొక్కిన త్రొక్కుడును వర్ణించుట కష్టము. కొంగు జాఱి వెనుక జెండావలె నెగిరెను. కంకర చిటపట చిమ్మెను. ఒడ్డునఁ జేపలు పట్టుచున్న వృద్ధుఁ డొకఁడు గాలమును మఱచి లేచి నిలిచెను. చెట్లును నీడలును గలసిపోయి యొకే చాఱగా వెనుకకుఁ బాఱెను. కేకయు వేయక గంటయు మ్రోగింపక యామె పేరంటాలి ప్రక్కనుండి గాలివలె దాఁటి ముందునకుఁ బోయి బాట కడ్డముగా సైకిలును నిలిపి వెనుదిరిగి యెదురుగా నిలుచుండెను. పేరంటాలు తత్తరపడి బ్రేకు నొక్కి యొకకాలు పచ్చికలో నూని యెట్లో పడకుండ నాఁగెను.

"వదినా! పిచ్చిగానీ పట్టిందా! ఏట్లో పడేదాన్ని!"

"ఉండు."

"ఉండేగా ఉన్నాను. ముందు ఊపిరి పీల్చుకో తల్లీ, నువ్వు పోయేలా ఉన్నావు."

"అది కాదే. ఉండిపో. నా దగ్గర ఉండిపో."

పేరంటాలి ముఖమున ముందు విస్మయమును దరువాత నేదో మెత్తదనమును వానివెంటనే పెల్లుబికిన కోపమును వరుసగాఁ గానవచ్చెను.

"ఏడాది! ఏడాది నోట్లో ఏం పెట్టుక్కూచున్నావు? చెయ్యి చాచి చోటడగమంటావా నన్ను? సైకిలు నేర్పినప్పుడూ ఇంతే చేసావు. వెనకాల పట్టుకున్నావని నేను ధీమాగా తొక్కుతుంటే చెప్పాపెట్టకుండా వదిలేసావు!"

"వదల్లేదే. చెయ్యి తీసానంతే. పక్కనే పరిగెత్తాను. నువ్వు చూళ్ళేదు."

ఈ మాటకుఁ బేరంటాలు సైకిలును బచ్చికలోఁ బడవైచి రెండుచేతులతో ముఖమును గప్పుకొనెను. మాణిక్యాంబ భర్త మరణమును దన కేకను జెప్పెను. ఉండుమన్నచో నీకేమగునో యని భయపడితినని చెప్పెను. పేరంటాలు చేతులు దీసి తడికనులతో నామెను దేఱిచూచెను.

"అన్నయ్యకి గుండె జబ్బని రిటైరయినప్పుడే డాక్టరు చెప్పాడంట, ఫోన్లో నాతో అన్నాడు. నీకెవరూ చెప్పలేదా?"

"లేదే."

"నువ్వు పిలిచావు గాబట్టి చివర్న ఒక్కసారి ఎనక్కొచ్చి నీ మొహం చూసి నవ్వి వెళ్ళాడు. పిలవకపోతే అదీ లేదు."

అంతలో నిరువురు యాత్రికులు సైకిళ్ళపై వచ్చి బాట మూసికొనియుండుటఁ జూచి దిగి వినయముగా నిలిచిరి. మోటారుబండ్లు దిరుగు దారియే యైనచో నా మాటలకుఁ దావెక్కడిది? ఎవ్వరో యఱచియుందురు, ఎవ్వరో తఱిమియుందురు. ఆ గట్టుపైఁ దొందర యెవ్వరికిని లేదు. యాత్రికులు నదిని జూచుచు నెదురుచూచిరి. పేరంటాలు కన్నులు దుడుచుకొని వారికి దారి యిచ్చి సైకిలు నెత్తుకొనెను.

"ఉంటాను. కానీ ఒక్కసారి అడిగి చేతులు దులుపుకుంటే కుదరదు. ఏడాదికోసారి అడగాలి."

"అడుగుతాను."

"ఎదురుగా వచ్చే అడుగు. కానీ ఇంత జోరుగా రాకు. ఈసారి ఇద్దరం ఏట్లోనే."

"మరి రైలో?"

"దాని దారిన అది పోద్ది. సామాను తెచ్చుకుందాం పద. పచ్చడి జాడీ ఉంది అందులో."

ఆ రాత్రి నగరమున విశ్రమించి పెట్టెలను మఱల బండిలోఁ బంపి మఱునాఁటి యుదయమున వారు నది కెగువగాఁ దిరుగు ప్రయాణము సాగించిరి. వియోగము నెవ్వరును జయింపలేదు. ఒకనాఁ డా యిరువురిలో నొకతె ముందుఁ బోవక తప్పదు. ఆనాఁడు రెండవ యామె గట్టుపై నొంటరిగా నిలువక తప్పదు. కాని యుండుమని యడుగఁబడి యుండినవారు పోవునపుడు పంపివేయఁబడినట్లు పోరు. మిగిలినవారికిని బలుకనిమాట గొంతున ముల్లై నిలువదు. మనుష్యులకు సాధ్యమైన దింతమాత్రమే. ఇది యల్పముగాఁ దోఁచిన నల్పము గాదు.

రాత్రి చినుకులు రాలుటచేఁ బాట మెత్తనై యుండెను. దానిపై నిరువురి చక్రముల జాడలు రెండుగీఁతలై యొకచో దగ్గఱై యొకచో దూరమై యొకచో నొకదానినొకటి దాఁటుచు జడపాయలవలె నల్లుకొని వంపుదాఁక సాగెను. సూర్యుఁడు పైకి వచ్చినకొలఁదిని బాట యాఱి యా జాడలు వెనుకనుండి యొక్కొక్కటిగా మాసిపోవుచుండెను. ముందుప్రక్క మాత్ర మవి తడిగాఁ గ్రొత్తగా నింకను బడుచునే యుండెను.